రిమోట్ ల్యాబ్‌లో వచ్చే రీడింగులు నిజమైనవేనా?

నిజమైనవే, ఎందుకంటే రిమోట్ ల్యాబ్‌లో మనం నెట్ ద్వారా నడిపేది ఎక్కడో ఒక గదిలో ఉన్న అసలు పరికరాన్నే. మన చేతుల పని అక్కడ రిలేలు (కరెంటుతో వాటంతటవే పనిచేసే స్విచ్‌లు), మోటార్లు చేస్తాయి. పలమనేరులో ఇంట్లో కూర్చున్న ఈసీఈ విద్యార్థి, స్వీడన్‌లోని బ్లెకింగే సంస్థ తయారుచేసిన విజిర్ లాంటి ల్యాబ్‌లో మౌస్‌తో డయోడ్, రెసిస్టర్ కలిపితే, అక్కడి రిలేలు అదే సర్క్యూట్‌ను నిజంగానే కలుపుతాయి. సిలికాన్ డయోడ్ కదా, 0.6, 0.7 వోల్టుల దగ్గర కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది, మళ్లీ రీడింగు తీస్తే చివరి అంకె కాస్త అటూఇటూ అవుతుంది కూడా.

చాలామంది వర్చువల్ ల్యాబ్ అన్నా ఇదే అనుకుంటారు, కాదు. కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్‌లో ఎక్కువ భాగం సిమ్యులేషన్లే, అంటే ఫార్ములా లెక్కగట్టి ఇచ్చిన అంకెలు. సోల్డరింగ్ మాత్రం రెండింట్లోనూ చేతికి రాదు, దానికి తిరుపతి బస్సెక్కి కాలేజీకి పోవాల్సిందే.