పొలం చరిత్రలో చెల్లెలు ఏదీ?

ప్రశ్న: మా ముత్తాత తుప్పలు నరికి సాగులోకి తెచ్చిన ఆరెకరాలు మావి. తాతయ్య బావి తవ్వించి ఆయిల్ ఇంజను పెట్టారు, నాన్న బోరు వేయించారు. ఇప్పటిదాకా పంపకాలు జరగలేదు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. పొలం అమ్మేద్దామంటే 79 ఏళ్ల నాన్న ససేమిరా అంటున్నారు. చెల్లెలికి 1999లోనే కట్నం ఇచ్చి పెళ్లి చేశాం, వాటా వద్దని కాగితం మీద సంతకం కూడా పెట్టింది. పక్క ఊరే కాబట్టి నాన్నని చూసుకుంటోంది. ఆయన్ని ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించే ఉపాయం నా దగ్గర లేదు. ఉన్నా చెప్పను. ఆ వయసు మనిషి తను ఉన్నన్నాళ్లూ పొలం ఉండాలనుకోవడంలో తప్పేముంది?

మీ ఉత్తరం నాలుగు పేజీలు. తాతగారి ఇంజను ఎన్ని హార్స్‌పవరో కూడా రాశారు. చెల్లెలి ఊసు మాత్రం రెండు ముక్కల్లో తేల్చేశారు, అందులో ఒకటి కట్నం లెక్క. మేనత్తల పేర్లయితే అసలే లేవు. అంటే నాలుగు తరాలుగా ఆ చేలో కలుపు తీసింది కూడా మగవాళ్లేనన్నమాట! సరే, ఇప్పటి సంగతి చెప్పండి. నాన్నగారికి మాత్రలు అయిపోతే ఎవరు తెస్తున్నారు? త్రీఫేజ్ కరెంటు వచ్చే వేళకి వెళ్లి మోటారు వేసేదెవరు?

చట్టం సంగతి ముందు తేల్చేద్దాం. ఇది మీరు రాసినట్టు పంపకం కాని పిత్రార్జితమే అయితే, కట్నం ఇచ్చామన్న వాదన నిలవదు. ఎన్టీఆర్ హయాంలో, 1986లో మన ఉమ్మడి రాష్ట్రం హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణతోనే ఆడపిల్లకు కొడుకుతో సమాన వాటా వచ్చింది. దాన్ని వెనక తేదీ నుంచి, అంటే 1985 సెప్టెంబరు 5 నుంచే అమలు చేశారు. ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు గానీ, మీ చెల్లెలి పెళ్లి ఆ తర్వాతే కదా. 2005 కేంద్ర సవరణ ఆ తేడా కూడా తీసేసింది. ఈ హక్కు పుట్టుకతో వచ్చేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రిజిస్టరు కాని కాగితం మీద సంతకంతో అది పోదు. మిగతాది లాయరుగారిని అడగండి.

కోర్టు మాట అటుంచితే, ఆ కాగితం ముందు పెట్టినప్పుడు ఆమెను చదవనిచ్చారా? కాదంటే పుట్టింటి గడప దూరమవుతుందని భయపడి ఎంతమంది ఆడపిల్లలు అలా సంతకాలు పెట్టలేదు! దాన్ని ఇష్టపూర్వకం అనుకోవడం అన్నలకు అలవాటు, అంతే. తండ్రి బాధ్యత ఆమెది, ఆస్తి మీది అన్న ఏర్పాటును నేనైతే ఒప్పుకోను.

నాన్నగారు ఎందుకు వద్దంటున్నారో ఒక్కసారైనా అడిగారా? అమ్మితే డబ్బు ఎటు పోతుందో ఆయనకు తెలుసు. రోజూ కళ్లెదుట తిరిగే కూతురికి ఏమీ మిగలదని కొడుకు మొహం మీద అనలేక మొండికేస్తున్నారేమో.

ఈసారి ఊరెళ్లినప్పుడు నేరుగా నాన్నగారి దగ్గరికి కాకుండా ముందు చెల్లెలి ఇంటికి వెళ్లండి. ఆ కాగితం ఆమె చేతికిచ్చి చింపేయమనండి. పొలం ఏం చేద్దామని అడగండి. ఆమె కౌలుకిద్దామన్నా, తనే చేయించుకుంటానన్నా మధ్యలో అడ్డుపడకుండా వినండి. అమ్మకం మాట నాన్నగారి ముందు ఎత్తాల్సి వస్తే, అప్పుడు ఇద్దరూ కలిసే ఎత్తండి.