లైను బాగానే ఉన్నా మోడెం రాత్రంతా డయల్ చేస్తోంది!

ప్రశ్న: సార్, మాది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, హెడ్డాఫీసు తిరుపతిలో. కాటా రశీదులు, రైతుల ఖాతాలు ఇప్పటికీ తిరుపతిలోని పాత నెట్‌వేర్ 3.12 (నోవెల్ వాళ్ల సర్వర్ సాఫ్ట్‌వేర్) సర్వర్ మీదే నడుస్తున్నాయి. మధ్యలో 64 కేబీపీఎస్ లీజ్డ్ లైను (ఎప్పుడూ కలిసే ఉండే అద్దె లైను), రెండు వైపులా సిస్కో 2600 రౌటర్లు. లైను పడిపోతే ఆదుకుంటుందని రౌటర్ ఆగ్జిలరీ (అదనపు) పోర్టుకి మోడెం తగిలించి, ఇక్కడి నుంచి డయల్ అయ్యేలా బ్యాకప్ పెట్టాం. లైను బాగున్న రోజుల్లో కూడా అది డయల్ చేస్తూనే ఉంది, బిల్లు చూసి మేనేజరు మండిపడుతున్నారు. తీరా లైను పోయిన రోజు కాల్ కలిసింది గానీ సర్వర్ కనబడలేదు, తోతాపురి ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరాయి. ఎక్కడ తేడా కొట్టింది?
– ఓ పాఠకుడు, చిత్తూరు

జవాబు: మోడెంని అనకండి, పాపం దాని తప్పేం లేదు. మీ డయలర్-లిస్ట్‌లో (ఏ ప్యాకెట్ వస్తే కాల్ చేయాలో రౌటర్‌కి చెప్పే జాబితా) ఐపీఎక్స్ (నెట్‌వేర్ మాట్లాడే ప్రొటోకాల్) మొత్తానికి పర్మిట్ ఇచ్చేసి ఉంటారు. ఐపీఎక్స్ ఊరికే ఉండే రకం కాదు. రిప్ (దారులు చెప్పేవి), సాప్ (ఏ సర్వర్ ఎక్కడుందో చెప్పేవి) అప్‌డేట్లు రెండూ 60 సెకన్లకోసారి బయల్దేరతాయి, డయలర్ మ్యాప్‌లో (ఏ అడ్రసుకి ఏ నంబరు డయల్ చేయాలో రాసే లైను) బ్రాడ్‌కాస్ట్ అని రాస్తే మోడెం వైపు కూడా పోతాయి. ఐడిల్ టైమౌట్ (పనికొచ్చే ప్యాకెట్ రాకపోతే కాల్ కట్ చేసే గడువు) మీరేమీ మార్చకపోతే 120 సెకన్లు. అది పూర్తయ్యేలోపే ఇంకో అప్‌డేట్ వచ్చి లెక్కని మళ్లీ మొదటికి తెస్తుంది, ఇక కాల్ ఎప్పుడు కట్ అవుతుంది చెప్పండి? నా మాట నమ్మక్కర్లేదు, కాల్ నడుస్తుండగా షో డయలర్ కొట్టి డయల్ రీజన్ అన్న లైను చూడండి.

ముందుగా సీరియల్ ఇంటర్‌ఫేస్ కింద బ్యాకప్ ఇంటర్‌ఫేస్ కమాండ్‌తో మోడెం పోర్టు పేరు ఇచ్చి, బ్యాకప్ డిలే 20 60 పెట్టండి. లీజ్డ్ లైను ఉన్నంతసేపూ మోడెం పోర్టు స్టాండ్‌బైలో పడుకుంటుంది, లైను పోయిన 20 సెకన్లకు లేస్తుంది, తిరిగొచ్చాక 60 సెకన్లు చూసి దిగిపోతుంది. బిల్లు గొడవ దీంతోనే చాలావరకు తీరిపోతుంది. టెస్ట్ చేసేటప్పుడు మాత్రం సీరియల్ కేబుల్ ఊడబీకండి, షట్‌డౌన్ కొట్టి చూస్తే బ్యాకప్ లేవదు, అడ్మిన్ చేతులారా ఆపిన లైనుని రౌటర్ పోయిన లైనుగా లెక్కవేయదు.

లైను రెండు మూడు రోజులు రాకపోతే? అప్పుడు కబుర్లకి డబ్బు కట్టకుండా 900 సిరీస్ యాక్సెస్ లిస్ట్‌లో (ప్యాకెట్లను వడపోసే జాబితా) సాకెట్లు (ప్యాకెట్ ఏ సర్వీసుదో చెప్పే నంబర్లు) 452 (సాప్), 453 (రిప్), 457 (నెట్‌వేర్ సీరియలైజేషన్, అంటే లైసెన్సు కాపీల తనిఖీ) డినై చేసి, మిగతావి పర్మిట్ చేసి, ఆ లిస్ట్‌ని డయలర్-లిస్ట్‌కి కట్టండి. చాలామంది ఇక్కడే పొరబడతారు: ఇందులో డినై అంటే ప్యాకెట్‌ని ఆపేయడం కాదు, దాని కోసం కాల్ చేయొద్దు, టైమర్ కదపొద్దు అని మాత్రమే. కాల్ కలిసి ఉంటే అదీ పోతుంది.

సర్వర్ కనబడకపోవడానికి నా అనుమానం తిరుపతి రౌటర్ మీద. అక్కడి డయలర్ మ్యాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లేకపోతే కాల్ కలిసినా సర్వర్ పేరు మీ దాకా రాదు. దాన్ని నమ్ముకోకుండా చిత్తూరు రౌటర్‌లోనే ఒక ఫ్లోటింగ్ స్టాటిక్ రూటు (మామూలు దారి పోతేనే వాడే, చేత్తో రాసిన దారి), ఒక స్టాటిక్ సాప్ (చేత్తో రాసిన సర్వర్ వివరం: టైపు 4 అంటే ఫైల్ సర్వర్, సాకెట్ 451) రాసిపెట్టుకోండి. నెట్‌వర్క్ నంబరు దగ్గర ఆఫీసు ల్యాన్‌ది కాదు, సర్వర్ ఇంటర్నల్ నెట్‌వర్క్ (సర్వర్ లోపల దానికంటూ ఉండే నెట్‌వర్క్) నంబరు ఇవ్వాలి. తిరుపతి వైపు మీ ఫ్యాక్టరీ నెట్‌వర్క్‌కి తిరుగు రూటు మరిచిపోతే ఇదంతా దండగే.

ఇంకొకటి. కాటా దగ్గరి పీసీ ఐదు నిమిషాల పాటు ఉలకకపోతే సర్వర్ వాచ్‌డాగ్ ప్యాకెట్ పంపి ఉన్నావా అని అడుగుతుంది, కొన్నిసార్లు అడిగి జవాబు రాకపోతే లాగౌట్ చేసేస్తుంది. తిరుపతి రౌటర్ మోడెం పోర్టు మీద ఐపీఎక్స్ వాచ్‌డాగ్-స్పూఫ్ ఇస్తే కాల్ లేనప్పుడు పీసీ తరఫున రౌటరే జవాబిస్తుంది. ఆ పోర్టు మీద నో ఐపీఎక్స్ రూట్-క్యాష్ (ప్యాకెట్లను షార్ట్‌కట్‌లో పంపడం ఆపే కమాండ్) కూడా ఇవ్వాలి, లేకపోతే స్పూఫ్ పనిచేయదు.

వేగం మీద ఆశలు వద్దు. రెండు వైపులా మామూలు ఫోను లైన్లే కాబట్టి 33.6 కేబీపీఎస్ దాటదు, 56 అని మోడెం డబ్బా మీద ఉన్నా సరే. లాగిన్ ప్రోగ్రాము, కాటా ప్రోగ్రాము చిత్తూరు పీసీల్లోనే కాపీ చేసి పెట్టండి, లైను మీద డేటా ఒక్కటే పోవాలి. సీజన్‌లో ట్రాక్టరు నిలబడి ఉండగా తిరుపతి నుంచి ఎక్స్ఈ ఫైలు లోడవడం చూస్తూ కూర్చోవడం కన్నా చేత్తో రశీదు రాయడం నయం.

ప్రశ్న: మా లీజ్డ్ లైను, బ్యాకప్ ఫోను రెండూ ఎప్పుడూ ఒకే రోజు పోతున్నాయి. సిమ్ రౌటర్ పెడితే మేలా?
– మరో పాఠకుడు, తిరుపతి

జవాబు: మేలే. రెండూ ఒకే డీపీ బాక్సు (వీధిలో ఫోను లైన్లు విడిపోయే పెట్టె) నుంచి, ఒకే కేబుల్‌లోంచి వస్తున్నాయేమో లైన్‌మ్యాన్‌ని అడగండి, అలాగైతే రోడ్డు తవ్విన జేసీబీ ఒక్క దెబ్బకి రెండింటినీ తీసుకుపోతుంది, కాన్ఫిగరేషన్‌తో నయమయ్యే జబ్బు కాదది. సిమ్ మీద ఐపీఎక్స్ నేరుగా నడవదు, ఐపీ టన్నెల్‌లో చుట్టి (ఐపీ ప్యాకెట్ల లోపల పెట్టి) పంపాలి. సిమ్‌కి వచ్చే అడ్రసు చాలాసార్లు పదిమందితో పంచుకునేది కాబట్టి టన్నెల్ సిమ్ ఉన్న వైపు నుంచే మొదలవ్వాలి, అవతలి వైపు మాత్రం స్టాటిక్ ఐపీ (మారని అడ్రసు) తీసుకోండి.