నాపరాళ్ళు పరిచే ముందు

చిరంజీవి అల్లుడికి, విజయవాడ నుంచి మామయ్య ఆశీస్సులు.

గుంటూరు ఇంటికి టైల్స్ వద్దని నాపరాళ్ళు వేయిస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో అంత టెన్షన్ పట్టుకుంది.

బేతంచెర్ల రాయి తెస్తావో, తాండూరు బండ తెస్తావో నీ ఇష్టం. సరుకంతా ఒకే గనిది, ఒకేసారి దించుకో. ఈ రాయి భూమిలో పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరల వెంటే విడదీస్తారు కాబట్టి మందం తేడా వస్తుంది, మేస్త్రి దగ్గర నిలబడి మట్టం చూసుకో. పరిచాక తట్టిచూడు, బోలుగా మోగితే లేపించు. కట్టర్ నీళ్ళు పోస్తూ ఆడించమను. ఆ దుమ్ము పీల్చకు నాయనా, పనివాళ్ళనీ పీల్చనివ్వకు.

అసలు నా భయమంతా యాసిడ్ గురించి.

1994లో సత్యనారాయణపురంలో మీ అమ్మమ్మకి ఇల్లు కట్టించాను. తాండూరు బండలు. గృహప్రవేశం రేపనగా హాల్లో సిమెంటు మరకలు కనిపించాయి. కొట్టువాడు ఇచ్చిన యాసిడ్ సీసా తెచ్చి నా చేత్తోనే పోశాను. బుసబుసా నురగ వచ్చింది. మురికి పోతోందని మురిసిపోయాను రా! కడిగి చూస్తే విస్తరాకంత మేర నునుపు పోయి, తెల్లగా పాలిపోయి, చేత్తో రాస్తే ఉప్పు చల్లినట్టు గరుకు. మరకతో పాటు రాయినే తినేసింది. మళ్ళీ పాలిష్ పట్టించడానికి చేతిలో డబ్బు లేదు. అమ్మ ఒక్క మాట అనలేదు. దాని మీద చాప పరిచి, పీటలు అక్కడే వేయించింది. ఆవిడ పోయాక ఆ చాప తీసింది నేనే.

నాపరాయంటే సున్నపురాయే, యాసిడ్ తగిలితే కరిగిపోతుంది. పలనాటి సున్నపురాతిలో చెక్కిన అమరావతి శిల్పాలు ఎన్ని వందల ఏళ్ళు నిలిచాయో! వాటిలో కొన్నిటిని మనవాళ్ళే సున్నానికి కాల్చేశారు. 1816లో బ్రిటిష్ సర్వే అధికారి మెకంజీ ఆ శిల్పాల బొమ్మలు గీయించడానికి మళ్ళీ వచ్చేసరికే చాలా పోయాయి. అది తలుచుకున్నప్పుడల్లా నా సీసాయే గుర్తొస్తుంది.

చింతపండు పులుసు, నిమ్మరసం పడినా మచ్చే, వెంటనే తుడవమని కోడలికి చెప్పు. వంటగట్టుకి మాత్రం చీమకుర్తి నల్లరాయి వేయించు.

సిమెంటు మరకలుంటే ముట్టుకోకు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వస్తాను. నీళ్ళు చల్లి, చెక్కముక్కతో ఇద్దరం కూర్చుని గీకుదాం.

మీ మామయ్య