కార్బొరేటర్ స్క్రూ తల అరిగిపోతే ఎలా తీయాలి?

పాత బైక్ కార్బొరేటర్ కింది గిన్నె స్క్రూ పట్టేసి తల కూడా అరిగిపోయింది, డ్రిల్ చేయక తప్పదా అని అడిగారు. డ్రిల్ ఆఖరి మాట.

ముందు కార్బొరేటర్‌ని బండి నుంచి విప్పి పెట్రోలు మొత్తం వంచేయండి. స్క్రూ ఉక్కు, బాడీ అల్యూమినియం లేదా జింక్ మిశ్రమం. ఈ రెండు లోహాల మధ్య తేమ చేరితే తుప్పు పుట్టి అతుక్కుపోతాయి. పెనిట్రేటింగ్ ఆయిల్ (సందుల్లోకి ఇంకి పట్టేసినదాన్ని వదులు చేసే నూనె) కొట్టి రాత్రంతా వదిలేయండి, తొందరపడితే లాభం లేదు.

ఈ స్క్రూల తల సాధారణంగా బయటికి పొడుచుకుని ఉంటుంది, అదే మన అదృష్టం. లాకింగ్ ప్లయర్‌తో (పట్టు బిగించి లాక్ చేయగల పట్టకారు) పక్కల నుంచి పట్టి, ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు కదపండి. పట్టు దొరక్కపోతే హాక్సా బ్లేడుతో తల మీద గాడి కోసి మైనస్ స్క్రూడ్రైవర్ పెట్టండి. సుత్తి దెబ్బలు వద్దు. బాడీలో స్క్రూ దిగే చెవి లాంటి భాగం విరిగితే బాడీయే మార్చాలి.

అసలు తల అరగడానికి పెద్ద కారణం స్క్రూడ్రైవరే. జపాన్ డిజైన్ కార్బొరేటర్లలో ఎక్కువగా జేఐఎస్ (జపాన్ ప్రమాణం) ప్లస్ గాడి స్క్రూలుంటాయి, మామూలు ఫిలిప్స్ (ప్లస్) స్క్రూడ్రైవర్ వాటిలో సరిగా కూర్చోక జారుతుంది.

ఇవేవీ పనిచేయకపోతే విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పనివాళ్లకి ఇవ్వండి. మళ్లీ బిగించేటప్పుడు అదే కొలత అలెన్ బోల్టులు (తలలో ఆరు పలకల గుంట ఉండేవి) వేయించుకోండి.