పెద్ద నంబర్, చిన్న భాజకం

ప్రశ్న: సార్, 4294967297 ప్రైమ్ నంబరేనా? 3, 7, 11, 13 అన్నిటితో భాగించి చూశా, దేనికీ పోవట్లేదు.

జవాబు: కాదండీ. 641 దాకా ఓపిక పట్టుంటే దొరికేసేది, 641 × 6700417 చేసి చూడండి. ఇది మామూలు నంబర్ కాదు, 2³² కి 1 కలిపితే వచ్చేది, 2 ఘాతాన్ని 1, 2, 4, 8, 16, 32 అని రెట్టింపు చేసుకుంటూ 1 కలిపితే ఒక వరుస వస్తుంది, ఈ వరుసలో ముందున్న 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రైమ్‌లే, అందుకే 17వ శతాబ్దంలో గణితవేత్త ఫెర్మా ఆ తర్వాతవి కూడా ప్రైమ్‌లే అయ్యుంటాయని గట్టిగా నమ్మేశాడు, పాపం 1732లో ఇంకో గణితవేత్త ఆయిలర్ దీన్ని పట్టుకుని ఆ నమ్మకానికి గండి కొట్టాడు.

మామూలుగా అయితే దీని వర్గమూలం దాకా, అంటే 65536 లోపున్న 6542 ప్రైమ్‌లతో భాగించుకుంటూ కూర్చోవాలి. కిటుకేంటంటే, దీన్ని భాగించే ప్రైమ్ ఏదైనా సరే 64తో భాగిస్తే శేషం 1 రావాల్సిందే. అంటే 193, 257, 449, 577, 641... ఐదోదానికే పనైపోయింది!

రుజువు ఇంకా బావుంటుంది, నాకైతే లెక్కల్లో ఇష్టమైనవాటిలో ఇదొకటి. 641 అంటే 5×2⁷ + 1, అలాగే 5⁴ + 2⁴ కూడా. మొదటిదాన్ని బట్టి 5×2⁷ ని 641తో భాగిస్తే శేషం −1 అనుకోవచ్చు, నాలుగో ఘాతం చేస్తే 5⁴×2²⁸ కి శేషం 1. రెండోదాన్ని బట్టి 5⁴ బదులు −2⁴ పెట్టేయండి, −2³² కి శేషం 1 అని తేలుతుంది, ఇంకేముంది, 2³² + 1 నిశ్శేషంగా పోతుంది. క్యాలిక్యులేటర్ ముట్టుకోనక్కర్లేదు.

6700417 కూడా ప్రైమే, దాన్ని ఇంక విడగొట్టలేం. 65537 తర్వాత ఈ వరుసలో ఇంకో ప్రైమ్ ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు.