తమ్ముడి కళ్ళజోడు కోసం అమ్మ గొలుసు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: అంబాజీపేట దగ్గర పల్లెటూరండి మాది. అమ్మ, తమ్ముడు మా దగ్గరే ఉంటారు. తమ్ముడికి 24 ఏళ్ళు, రెటినైటిస్ పిగ్మెంటోసా. చిన్నప్పుడు రేచీకటి అనుకున్నాం, ఇప్పుడు పక్కలవి ఏమీ కనపడవు, ఎదురుగా పెద్ద అక్షరాలైతే కాస్త కనపడతాయి. డిగ్రీ అయింది, బ్యాంకు పరీక్షలు రాస్తానంటున్నాడు. రాజమండ్రిలో ఒకాయన కెమెరా ఉన్న స్మార్ట్ కళ్ళజోడు చూపించారు, పేపరు చదివి చెవిలో చెప్తుంది, 2,40,000 అన్నారు. 10,000 అడ్వాన్స్ ఇచ్చేశాం. అమ్మ గొలుసు, గాజులు బ్యాంకులో పెడితే 9 శాతానికి 1,30,000 వస్తుంది, మిగతా లక్ష ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి ఇస్తామన్నారు. మా ఆయన మూడెకరాలు కౌలు చేస్తారు, నేను మిషను కుడతాను, తమ్ముడి పింఛను 6,000 కలిపి సగటున నెలకి 22,000 వస్తుంది, డ్వాక్రా వాయిదాతో సహా ఖర్చు 16,000. ఇది కాక నెలకి 2,000 చీటీ కడుతున్నాం, 50,000 చీటీ, ఇంకా ఏడు నెలలుంది. బ్యాంకులో 18,000 ఉంది. వడ్డీ ఎలాగోలా కట్టుకుంటాం. ఇంకా తక్కువ వడ్డీకి ఏదైనా లోను ఉంటే చెప్పండి.

జవాబు: ఏ లోనూ వద్దమ్మా. మీ ఉత్తరం పక్కన పెట్టకుండా జవాబు రాయడానికి కారణం, ఇంట్లో ఒకరికి చూపు తగ్గగానే అందరూ చేసే తప్పే మీరూ చేయబోతున్నారు. ప్రేమ కొద్దీ అన్నిటికంటే ఖరీదైన వస్తువుతో మొదలెడతారు, అప్పు చేసి మరీ కొంటారు, ఆ వస్తువు వాడాల్సిన మనిషిని మాత్రం అడగరు. మీరింత వివరంగా రాశారు కదా, అందులో మీ తమ్ముడు నాకిది కావాలి అన్నట్టు ఒక్క ముక్క కూడా లేదు.

ముందు వడ్డీ లెక్క చూడండి. 1,30,000 మీద 9 శాతం అంటే ఏడాదికి 11,700. లక్ష మీద రెండు రూపాయలంటే నెలకి 2,000, ఏడాదికి 24,000. రెండూ కలిపితే 35,700, అంటే నెలకి దగ్గర దగ్గర 3,000, అంటే మీ తమ్ముడి పింఛనులో సగం వడ్డీకే పోతుంది, అసలు మాత్రం రూపాయి కూడా తగ్గదు. రెండు రూపాయలే కదా అంటారు మనవాళ్ళు, అదే బ్యాంకువాడు 24 శాతం అంటే లేచి వచ్చేస్తారు! గొలుసు ఏటా తిరగరాయించుకుంటూ పోతారు, ఒక దాళ్వా (రెండో పంట) దెబ్బతిన్న ఏడాది అది కూడా కుదరక వేలం నోటీసు వస్తుంది. తణుకు దగ్గర ఒక కుటుంబం ఇలాగే బ్రెయిలీ డిస్‌ప్లే, అంటే చుక్కల అక్షరాలు వేలితో తడిమి చదివే పరికరం, కొన్నారు, లక్ష దాటింది, ఆ అబ్బాయికి బ్రెయిలీ రాదు, నేర్పేవాళ్ళు దగ్గర్లో లేరు, నేను చూసినప్పుడు అది బీరువాలో పట్టుచీరల మధ్య ఉంది, అప్పు మాత్రం బయటే ఉంది.

మీరు కౌలు కుటుంబం అని మర్చిపోతున్నారు. 1996 నవంబరు తుఫానుకి కొబ్బరితోటలు ఏమయ్యాయో కోనసీమలో మీ పెద్దవాళ్ళనడిగితే చెప్తారు, 2025 అక్టోబరులో మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటింది, అప్పుడు చేతికొచ్చిన సార్వా (మొదటి పంట) ఎంతమందికి నేలపాలైందో మీకు నేను చెప్పక్కర్లేదు. పంట పోయినా భూమి ఆసామికి మక్తా (కౌలు) కొలవాలి. అలాంటి ఇంట్లో చేతిలో ఉన్నది 18,000, అంటే ఒక నెల ఖర్చు. ఇప్పుడు మీకు అన్నిటికంటే ముందు కావాల్సింది ఆరు నెలల ఖర్చు, 96,000, పక్కన ఉండటం. దానికి ఇంకో 12,000 కలపమంటాను, అది తమ్ముడి ఫోను కోసం. మనకి ఫోను పగిలితే చిరాకు, చూపు లేనివాడికి పగిలితే ఆ రోజు నుంచి చదువు ఆగిపోతుంది, డబ్బులు లెక్కపెట్టుకోలేడు, బస్సు ఎక్కలేడు. వాళ్ళకి అది ఎమర్జెన్సీయే. మొత్తం 1,08,000. మీ దగ్గర 18,000 ఉంది, చీటీ మధ్యలో పాట పాడి తీసేసుకోకుండా చివరిదాకా ఉంచితే 50,000 వస్తుంది, ఇంకా కావాల్సింది 40,000. వడ్డీకి ఎలాగోలా కడతామన్న ఆ 3,000 ఈ నెల నుంచే బ్యాంకులో ఆర్డీలో (నెలనెలా కట్టే పొదుపు) వేయండి, 14 నెలల్లో అయిపోతుంది. మీ ఆయన పేరు మీద బ్యాంకులో 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా లేకపోతే రేపే వెళ్ళి రాయించండి, ఇంటికి పంట తెచ్చేది ఆయనే.

మరి తమ్ముడి సంగతేంటి అంటారు. వాడికి ఆగక్కర్లేదు, ఈ రోజే మొదలెట్టొచ్చు, ఎందుకంటే ముఖ్యమైనవన్నీ ఉచితం. ఎదురుగా పెద్ద అక్షరాలు కనపడుతున్నాయని మీరే రాశారు, అదే అన్నిటికంటే పెద్ద విషయం, విజయవాడ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో లో విజన్ విభాగానికి ముందు తీసుకెళ్ళండి, మిగిలిన చూపుకి ఏ భూతద్దం సరిపోతుందో, ఎంత వెలుతురు కావాలో వాళ్ళు కొలిచి చెప్తారు. ఆ పరీక్ష అవ్వకుండా ఏ వస్తువూ కొనకూడదు. ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ ఉంటుంది, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకెళ్ళి ఆన్ చేస్తే స్క్రీను మీద ఉన్నదంతా చదువుతుంది, తెలుగు కూడా. మొదటి రెండు వారాలు విసుగొస్తుంది, వదలొద్దనండి. కాగితాలు చదవడానికి సీయింగ్ ఏఐ, గూగుల్ లుకౌట్ అనే యాప్‌లు ఉన్నాయి, నోట్లు గుర్తుపట్టడానికి రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన మణి యాప్ ఉంది, అది నెట్ లేకుండా కూడా పనిచేస్తుంది. ఆ కళ్ళజోడు చేసే పనిలో చాలాభాగం ఇవే చేస్తాయి, కాకపోతే ఫోను చేత్తో పట్టుకోవాలి. ఆ తేడాకి 2,40,000 పెట్టే స్థితి మీది కాదు.

బ్యాంకు పరీక్షలకి కంప్యూటర్ కావాలి, అది నిజమైన ఖర్చు. స్క్రీను మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ విండోస్‌లో ఉచితం, 2006 నుంచి ఉంది, దాని కోసం ఎవరికీ పైసా కట్టొద్దు. 8 జీబీ మెమరీ ఉన్న సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ చాలు, ధాన్యం డబ్బులొచ్చినప్పుడు కొనండి, వాయిదాల మీద వద్దు. సదరం (వైకల్యం) సర్టిఫికెట్ ఉంది కాబట్టే పింఛను వస్తోంది, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) కూడా చేతికి తీసుకోండి, పరీక్షలో స్క్రైబుకి (బదులు రాసిపెట్టే మనిషికి), గంటకి 20 నిమిషాల అదనపు సమయానికి, ఒక శాతం రిజర్వేషనుకి కాగితాలు అడుగుతారు. అమలాపురంలో విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ ఆఫీసులో దివ్యాంగులకి పరికరాలిచ్చే కేంద్ర పథకం ఆడిప్ కింద, ప్రభుత్వ సంస్థ అలింకో పెట్టే క్యాంపు ఎప్పుడో కనుక్కోండి, స్మార్ట్ ఫోను, స్మార్ట్ కేన్ (సెన్సరున్న చేతికర్ర) లాంటివి అక్కడే ఇస్తారు. స్మార్ట్ కేన్ ఐఐటీ ఢిల్లీ వాళ్ళది, మోకాలి పైన అడ్డొచ్చేవి, వంగిన కొబ్బరి మట్టలాంటివి, చెయ్యి అదిరేలా చెప్తుంది. కాలవ గట్టు అంచు మాత్రం మామూలు తెల్లకర్ర కొన తగిలితేనే తెలుస్తుంది, అందుకే కర్ర పట్టి నడవడం ఎవరి దగ్గరైనా నేర్చుకోవాలి, ఏ కళ్ళజోడూ దానికి బదులు కాదు.

ఆ 14 నెలల తర్వాత పక్కన పెట్టాల్సిన 1,08,000 నిండి, తమ్ముడు ఫోను, లాప్‌టాప్ బాగా వాడుతూ ఇంకా కళ్ళజోడు కావాలంటే అప్పుడు చూద్దాం. అప్పుడైనా వాడినే తీసుకెళ్ళి, షాపువాళ్ళ కాగితం కాదు, మీ ఇంట్లో తెలుగు పేపరు, కరెంటు బిల్లు పెట్టి చదివించమనండి, మీ ఊళ్ళో సిగ్నల్ లేనిచోట కూడా పనిచేస్తుందా, పాడైతే ఎక్కడికి పంపాలి, ఎన్నాళ్ళు పడుతుంది అని రాయించుకోండి.

ఇక ఇచ్చేసిన 10,000. రసీదు తీసుకుని వెళ్ళి ఆర్డరు వద్దని రాసిచ్చి వెనక్కి అడగండి, కుదరదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. వస్తే మంచిదే. రాకపోయినా, ఆ పదివేలు పోతుందని 2,30,000 అప్పు తలకెత్తుకోవద్దు, అమ్మ గొలుసు అమ్మ మెడలోనే ఉండనివ్వండి.