మెషీన్ సంగతి తర్వాత, ముందు ఆ ప్లైవుడ్ పక్కన పెట్టండి

ప్రశ్న అడిగినవారు చెప్పింది ఇదీ: విజయవాడలో అపార్ట్‌మెంట్లో ఉంటున్నారు. వేడి మొనతో చెక్కని కాల్చి బొమ్మ గీసే పని మొదలుపెట్టి, ఇంట్లో ఉన్న, వైర్లు అతికించే పాత సోల్డరింగ్ ఐరన్‌తో ప్లైవుడ్ ముక్క మీద నెమలి బొమ్మ కాల్చబోయారు. గీత మొదలైన చోటల్లా నల్లటి బొట్టు పడుతోంది, మధ్యలో గీత కనపడకుండా పోతోంది, పొగకి గొంతు మండుతోంది. నాలుగైదు వేలు పెట్టి ఈ పనికే చేసిన మంచి మెషీన్ కొంటే ఇవన్నీ పోతాయా అని అడుగుతున్నారు.

పోవండి. నేనూ సత్యనారాయణపురంలో రెండు గదుల ఇంట్లో ఇలాగే మొదలుపెట్టాను. మొదటి ఆరు నెలలు తప్పంతా ఐరన్‌దే అనుకుని రెండు మార్చాను. నిజానికి తేడా చెక్కలో ఉంది, ఆ తర్వాత నా చేతిలో ఉంది.

ప్లైవుడ్ అంటే పల్చటి పొరల్ని జిగురుతో అతికించిన చెక్క. మొన కాస్త లోతుకి దిగితే కాలేది ఆ జిగురే. మీ గొంతు మంటకి అదే కారణమై ఉంటుంది. ఎండీఎఫ్ అయితే ఇంకా ఘోరం, అది మొత్తం చెక్క పీచు, జిగురు కలిపి నొక్కిన అట్ట. రంగు, వార్నిష్, లామినేట్ ఉన్న పాత ఫర్నిచర్ ముక్కలూ కాల్చకూడదు. ఇంకో మాట. ఆ ఐరన్‌తో ఇంతకుముందు వైర్లు అతికించి ఉంటే దాని మొనకి సీసం అంటుకుని ఉండొచ్చు. కొత్త మొన వేసి, దాన్ని ఈ పనికే ఉంచండి.

మరి ఏ చెక్క? మీ వీధిలో తలుపులు, మంచాలు చేసే వడ్రంగి ఉంటే ఆయన దగ్గరికి వెళ్లి గుమ్మడి టేకు ముక్కలు అడగండి. పేరులో టేకు ఉన్నా అసలు టేకులా ముదురు రంగు ఉండదు. లేత మీగడ రంగు, చారలు తక్కువ, కాల్చిన గీత స్పష్టంగా కనిపిస్తుంది. మామిడి కూడా పనికొస్తుంది. అసలు టేకు మీద గీత ఆ గోధుమ రంగులో కలిసిపోతుంది, ఖరీదూ దండగ. వేప పొగ ఎంత చేదో ఒకసారి చూశాక మళ్లీ దాని జోలికి పోలేదు.

కొండపల్లి పక్కనే ఉంది కదా, బొమ్మలు చేసే తెల్ల పొనికి చెక్క దొరికితే ఇంకేం కావాలి అనుకుని నేనొకసారి రెండు ముక్కలు సంపాదించాను. చేతిలో పట్టుకుంటే అట్టముక్కంత తేలిక. చెక్కడానికి, రంగులు వేయడానికి దాన్ని మించింది లేదు గానీ, మొన ఆనించగానే వెన్నలో కత్తిలా దిగబడి చుట్టూ గోధుమ రంగు మచ్చ పడింది. వేడి బాగా తగ్గిస్తే తప్ప లొంగదు. కొత్తవారికి వద్దు.

ఆటోనగర్ వైపు వెళ్తే ప్యాకింగ్ పెట్టెలు, సరుకు పేర్చే ప్యాలెట్ల పైన్ చెక్క కనిపిస్తుంది. కొనేముందు దాని మీద గోధుమ కంకి బొమ్మతో ముద్ర ఉందేమో చూడండి, విదేశాల నుంచి వచ్చిన చెక్కకి ఉంటుంది. ఆ ముద్రలో హెచ్‌టీ అని ఉంటే పురుగు చావడానికి వేడి చేశారని అర్థం. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారు, దాన్ని ఇంటికి తేవద్దు. హెచ్‌టీ ముక్కైనా పైన్‌తో ఒక చిక్కుంది. లేత చార మెత్తన, ముదురు చార గట్టి. మొన మెత్తటి చోట కూరుకుపోయి గట్టి చోట జారిపోతుంది. మీ గీత మధ్యలో మాయమవడం కూడా చాలావరకు ఇలాంటి చారల పనే.

ఇక ఆ నల్ల బొట్టు. ముగ్గు వేసేటప్పుడు మా అమ్మమ్మ చేతిని చూసి నాకిది అర్థమైంది. పిండి వదలడం మొదలుపెట్టే ముందే ఆవిడ చేయి కదులుతూ ఉంటుంది, గీత అయిపోయినా ఆగకుండా అలాగే పైకి లేస్తుంది. చేయి ఒక్క క్షణం ఆగితే అక్కడ పిండి కుప్ప పడుతుంది. ఐరన్ కూడా అంతే. గాల్లోనే చేయి కదిలించి, ఆ కదలికలోనే మొన ఆనించండి, కదులుతూనే ఎత్తేయండి. నొక్కడం అసలు వద్దు. గీత ముదురుగా కావాలంటే నెమ్మదిగా నడపండి, లేతగా కావాలంటే వేగంగా. ఒక ముక్క నిండా పక్కపక్కనే గీతలు, సున్నాలు, చుక్కలు కాల్చి చూడండి. నాకు వారం పట్టింది, మీకు రెండు రోజులు చాలేమో.

చెక్కని ముందు 120 నంబరు ఉప్పు కాగితంతో, తర్వాత 220తో రుద్దండి. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే లోపలి నూగు పైకి లేస్తుంది. ఆరాక మళ్లీ 220తో రుద్దితే చేతికి పలకలా తగులుతుంది. బొమ్మ దించడానికి కార్బన్ పేపర్ వాడకండి, ఆ నీలం రంగు రబ్బరుకి పోదు. కాగితం వెనక పెన్సిల్ రుద్ది దించుకుంటే మిగిలిన గీతల్ని చివర్లో చెరిపేయొచ్చు.

ఐరన్ 25 వాట్లది చాలు, మూడొందలకి అటూ ఇటూగా వస్తుంది. మొనకి మసి పేరుకుంటే గీత మురికిగా వస్తుంది, మధ్యమధ్యలో ఇత్తడి తీగల బ్రష్‌తో రుద్దండి. మొన మార్చాలంటే పూర్తిగా చల్లారాకే. మా ఇంట్లో ఒక మొన వేడి మీద తిప్పబోతే మర అరిగి లోపలే ఇరుక్కుపోయింది. సన్నటి తీగ మొనలు, వేడి తగ్గించే మీట ఉన్న మెషీన్లు లేత, ముదురు నీడలు దిద్దే షేడింగ్‌కి బాగుంటాయి నిజమే. ఈ గీతలు కుదిరాక కొనుక్కోండి.

అసలు టెన్షన్ పొగది. మే నెలలో మన ఊళ్లో ఫ్యాన్ లేకుండా కూర్చోవడం ఎవరి వల్ల అవుతుంది? కానీ సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చుంటే మొన చల్లారిపోతుంది, పొగ మొహం మీదికే వస్తుంది. కిటికీ ముందు బల్ల వేసుకుని, చిన్న టేబుల్ ఫ్యాన్‌ని కిటికీ దగ్గర బయటివైపు తిప్పి పెట్టండి. పొగని అది బయటికి లాగేస్తుంది. నేను ఎండాకాలమంతా తెల్లవారుజామున ఐదింటికే కూర్చుంటాను. ఐరన్ స్టాండు మీదే పెట్టాలి, లేచి వెళ్లేటప్పుడు ప్లగ్ తీసేయాలి.

మీరు రాయలేదు గానీ తయారైంది ఎక్కడ తగిలిస్తారో ముందే ఆలోచించుకోండి. మా అన్నయ్య గృహప్రవేశానికి పేరు పలక కాల్చి ఇచ్చాను. పడమటి గుమ్మం, సాయంత్రం ఎండంతా దాని మీదే. ఏడాది తిరిగేసరికి అక్షరాలు ఉన్నాయి గానీ చుట్టూ వేసిన లేత షేడింగ్ మొత్తం వెలిసిపోయింది. ఇప్పుడు అది లోపల దేవుడి గది పక్కన ఉంది. పూత ఏదైనా బొమ్మ కాల్చిన తర్వాతే వేయాలి. అవిసె నూనె పూస్తే ఆ నూనె గుడ్డని ఉండచుట్టి మూల పడేయకండి, దానంతట అదే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. దండెం మీద విడిగా ఆరేయండి. గరిటెలు, చపాతీ పీటలైతే పిండి, కూర తగిలే చోట కాల్చకుండా పిడి మీదో, అంచు మీదో కాల్చండి.

నెమలి మాత్రం కొన్నాళ్లు ఆపండి, ఆ ఈకలన్నీ షేడింగే. ముందు ఐదు చుక్కల ముగ్గు ఒకటి కాల్చి ఫొటో పెట్టండి, చూస్తాను.